కార్చిచ్చు పటంలో కనబడని ఇళ్లు

రావులపాలెంలో అడవి లేదు. గౌతమికీ వశిష్ఠకీ నడుమనున్న ఈ ఊరు అరటి గెలల మార్కెట్టుకి పేరుపడింది గానీ కార్చిచ్చుకి కాదు. కోనసీమలో అగ్నిప్రమాదం అంటే జనం తలచుకునేది గ్యాసునే. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులపాటు మండిన సంగతి, 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అడవి మంట మనకెందుకు అని ఇక్కడివాళ్లు అనుకుంటే తప్పు పట్టలేం.

అయినా ఈ ఊరి నుంచి రెండు దారులు అడవి అంచుకి పోతున్నాయి. ఒకటి జొన్నాడ వంతెన దాటి, రాజమండ్రి మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి వెళ్లే దారి. ఆదివారం వస్తే ఆ ఘాట్ రోడ్డు నిండా మన కార్లే. బొంగు చికెన్ తినడానికి వెళ్లిన కొందరు, తిరిగొచ్చేటప్పుడు రిసార్టులో వాటా కూడా మాట్లాడుకుని వస్తున్నారు. రెండోది విమానం ఎక్కి వెళ్లే దారి. మన పిల్లల్లో కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కున్నవాళ్లు తక్కువేం లేరు. వాళ్లలో కొందరికి ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం వస్తోంది: మీ ఇల్లు కార్చిచ్చు ముప్పున్న చోట ఉంది, వచ్చే ఏడాది పాలసీ కొనసాగించలేం. ఇక్కడ అరుగు మీద కూర్చున్న తండ్రి ఫోనులో ఆ మాట విని, అడవిలో ఇల్లెందుకు కొన్నావురా అంటాడు. అడవిలో కాదు నాన్నా, అడవి మూడు కిలోమీటర్ల అవతల ఉంది అంటాడు కొడుకు.

ఆ మూడు కిలోమీటర్ల దగ్గరే అసలు ప్రశ్న ఉంది. అడవి దగ్గరున్న ఇంటికి మంట వల్ల ముప్పు ఎంత అన్నది ఎలా లెక్కగడతారు? ఆ లెక్క ఎంతవరకు నమ్మొచ్చు? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ లెక్క ఎవరైనా కడుతున్నారా?

ఇల్లు అంటుకోవడానికి దారులు మూడే. మంట నేరుగా వచ్చి గోడనో చూరునో తాకడం ఒకటి. దూరాన ఉన్న మంట సెగకి గోడ వేడెక్కి అంటుకోవడం రెండోది. నిప్పురవ్వలు గాల్లో ఎగిరొచ్చి ఎండుటాకుల్లో పడటం మూడోది. మొదటి రెండూ చూడటానికే భయం పుట్టిస్తాయి కాబట్టి పరిశోధన కూడా చాలాకాలం వాటి చుట్టూనే తిరిగింది. సెగని చదరపు మీటరుకి ఇన్ని కిలోవాట్లని కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం మన మీద పడే ఎండ సుమారు 1 కిలోవాటు. సెగ 12.5 దాకా పెరిగి, కాసేపు అలాగే ఉండి, పక్కన ఒక రవ్వ కూడా ఉంటే చెక్క అంటుకుంటుంది. పెద్ద చెట్ల కొనలదాకా లేచిన మంట పక్కన ఈ అంకె 40 దాటిపోతుంది.

మరి ఆ సెగ ఎంత దూరం పోతుంది? అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ దీన్ని నేరుగా పరీక్షించాడు. 1990ల చివర్లో కెనడా వాయవ్య ప్రాంతపు అడవుల్లో కావాలని నిప్పు పెట్టి, అడవి అంచు నుంచి 10, 20, 30 మీటర్ల దూరాన చెక్క గోడలు నిలబెట్టి చూశారు. 10 మీటర్ల దగ్గర ఉన్నవి కొన్నిసార్లు అంటుకున్నాయి. 20 దగ్గర మహా అయితే కమిలాయి. 30 దగ్గర ఏమీ కాలేదు. చెట్టంత మంట వచ్చినా దాని సెగ పారేది ముప్పై మీటర్ల లోపే అన్నమాట. 2000 మేలో న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ ఊళ్లో రెండొందలకు పైగా ఇళ్లు కాలినప్పుడు కోహెన్ అక్కడికి వెళ్లి ఒక విచిత్రం చూశాడు. ఇల్లు పునాదిదాకా బూడిదైంది, దాని పక్కనున్న పైన్ చెట్టు మాత్రం పచ్చగా నిలబడి ఉంది. మంట అడవిలోంచి వరసగా నడిచొచ్చి ఉంటే ముందు ఆ చెట్టు కాలాలి కదా. రవ్వలు ఎగిరొచ్చి, ఇంటి దగ్గర ఎండిపోయి ఉన్నదేదో అంటించి, అక్కణ్నుంచి ఇంట్లోకి పాకాయి. ఇంటి చుట్టూ ముప్పై మీటర్లలో ఏముందన్నదే ఇంటి గతిని తేలుస్తుందని కోహెన్ అప్పటి నుంచీ వాదిస్తున్నాడు. దక్షిణ కరొలైనాలో ఇన్సూరెన్సు కంపెనీలు పెట్టిన ప్రయోగశాలలో, వందకు పైగా భారీ ఫ్యాన్ల ముందు మొత్తం ఇల్లు కట్టి దాని మీదకి రవ్వలు ఊదించి చూస్తే తేలింది కూడా ఇదే. చూరు కింద గాలి రంధ్రాలు, వాననీటి గొట్టంలో పేరుకున్న ఆకులు, గోడకి ఆనించిన కట్టెలు, చెక్క వసారా: నిప్పు ఇంట్లోకి వచ్చే తలుపులు ఇవి.

శాస్త్రం ఇక్కడిదాకా వచ్చింది. ప్రభుత్వాలు మాత్రం దీన్ని వేర్వేరు పద్ధతుల్లో వాడుకున్నాయి. నా దృష్టిలో వాటిలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్నది ఆస్ట్రేలియా పద్ధతి. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో ఒక్కరోజు మంటల్లో 173 మంది చనిపోయారు, రెండు వేలకు పైగా ఇళ్లు పోయాయి. ఆ తర్వాత అక్కడి నిర్మాణ ప్రమాణాన్ని తిరగరాశారు. ఇల్లు కట్టబోయే స్థలానికి నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రాంతపు వాతావరణం ఎంత ప్రమాదకరం, చుట్టుపక్కల 100 మీటర్లలో ఉన్నది గడ్డా పొదలా చెట్లా, వాటికి ఇంటికి ఎంత దూరం, నేల వాలు ఎటు. ఇల్లు కొండ పైన ఉండి అడవి కింద ఉంటే మంట పైకి పరుగెడుతుంది; వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అక్కడివాళ్లు చాలా ఏళ్ల కిందటే లెక్క తేల్చారు. ఈ నాలుగు జవాబుల నుంచి స్థలానికి ఒక అంకె వస్తుంది: 12.5, 19, 29, 40, ఆపైన మంట తగిలే చోటు. అంకెని బట్టి గాజు మందం, తలుపు, పైకప్పు ఎలా ఉండాలో నిబంధన ఉంటుంది. టేపు పట్టుకున్న సర్వేయరు ఎవరైనా వేయగలిగిన లెక్క ఇది. లోపాలు లేకపోలేదు. లెక్క ఎక్కువగా సెగ చుట్టూ తిరుగుతుంది. కొత్తగా కట్టే ఇళ్లకే వర్తిస్తుంది. కట్టిన పదేళ్లకి చూరులో ఎన్ని ఆకులు పేరుకున్నాయో దానికి తెలియదు.

కాలిఫోర్నియా పటాల మీద నమ్మకం పెట్టుకుంది. రాష్ట్ర అగ్నిమాపక శాఖ ప్రతి ప్రాంతానికి మధ్యస్థం, అధికం, అత్యధికం అని రంగులు వేస్తుంది. మేం చెప్పేది మంట రావడానికి, తీవ్రంగా ఉండటానికి ఉన్న అవకాశం గురించే, ఇల్లు తట్టుకుంటుందా లేదా అన్నది ఈ పటం చెప్పదు అని ఆ శాఖే రాసుకుంది. జనం, బ్యాంకులు, రియల్ ఎస్టేట్ ఏజెంట్లు ఆ వాక్యం చదవరు, రంగు చూస్తారు. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ చుట్టూ మంటలు లేచినప్పుడు ఆల్టడీనాలో తొమ్మిది వేలకు పైగా కట్టడాలు పోయాయి. వాటిలో చాలా భాగం అప్పటి పటంలో ‘అత్యధికం’ రంగు బయటే ఉన్నాయి. గాలి కొండ మీద నుంచి రవ్వల్ని ఊళ్లోకి తోసింది, ఆ తర్వాత ఇల్లు ఇంటిని అంటించుకుంటూ పోయింది. ఆ దశలో అడవికి పని లేదు. ఊరే అడవి.

కొలరాడోలో జరిగింది ఇంకా మనకి దగ్గరది. 2021 డిసెంబరు 30న బౌల్డర్ పక్కన మార్షల్ మంటలో వెయ్యికి పైగా ఇళ్లు కాలాయి. అక్కడ అడవే లేదు. ఎండిన గడ్డి మైదానం, గంటకి 160 కిలోమీటర్ల దాకా వీచిన గాలి, ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్లు. రెల్లు ఎండిన లంకని చూసినవాళ్లకి ఆ ఫొటోలు కొత్తగా అనిపించవు.

కాలిన తర్వాత చేసే సర్వేలు కాలకముందు వేసే పటాల కన్నా ఎక్కువ నేర్పాయి. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు పోయాయి. తర్వాత పరిశోధకులు ఇల్లిల్లూ లెక్క తీశారు. 1997కి ముందు కట్టిన ఇళ్లలో నిలిచినవి 11.5 శాతం. ఆ తర్వాత కట్టినవాటిలో 38.5 శాతం. కట్టడం మెరుగైతే ఇల్లు నిలిచే అవకాశం మూడింతలైంది. అలాగని మంచి ఇల్లు కట్టుకుంటే చాలు అనడానికి లేదు, ఎందుకంటే ఆ లెక్కలోనే తేలిన ఇంకో సంగతి ఏమిటంటే, కాలిన పక్కింటికి ఎంత దగ్గరగా ఉంటే ఇల్లు అంత తేలిగ్గా పోయింది. నా ఇంటి ముప్పు సగం నా పొరుగువాడి చేతిలో ఉంది. ఇన్సూరెన్సు కంపెనీ వేసే మార్కుల్లో, ఇంటి యజమాని చేసుకునే మరమ్మతుల్లో ఈ ముక్క ఎప్పుడూ ఇమడదు.

ఆ మార్కుల సంగతి ఒకటి. అమెరికా కంపెనీలు ఇంటింటికీ ఒక స్కోరు కొంటాయి. ఉపగ్రహ చిత్రాలు, వాలు, చెట్లు, రోడ్డు, పాత మంటల చరిత్ర అన్నీ కలిపి ప్రైవేటు సంస్థలు తయారుచేసే అంకె అది. ఒకే ఇంటికి రెండు సంస్థలు రెండు రకాల మార్కులు వేయడం మామూలే. 2023లో స్టేట్ ఫార్మ్ అనే కంపెనీ కాలిఫోర్నియాలో కొత్త ఇంటి పాలసీలు ఆపేసింది, 2024లో 72 వేల పాలసీలు పునరుద్ధరించబోమని చెప్పింది. స్కోరు ఎందుకు అంత వచ్చిందో యజమానికి చెప్పాలని, ఇంటిని బాగుచేసుకుంటే ప్రీమియం తగ్గించాలని ఆ రాష్ట్రం 2022లో నిబంధన తెచ్చింది. నిబంధన మంచిదే. కంపెనీ రాష్ట్రం వదిలి వెళ్లిపోతే తగ్గింపు ఎవరిస్తారు?

గోడ నుంచి ఐదడుగుల లోపల మండేది ఏదీ ఉండకూడదన్న నిబంధన మీద అక్కడ ఇంకా తగవు నడుస్తోంది. చట్టం 2020లో వచ్చింది, అమలు నియమాల మీద చర్చ తెగలేదు. నీళ్లు పోసి పెంచిన పచ్చటి మొక్క రవ్వల్ని ఆపుతుందా, ఎండి మంటకి మెట్టు అవుతుందా అన్నది గొడవ. నాకు రెండు వాదాల్లోనూ నిజం కనబడుతుంది. అరటి బోదె మండదు, అది మన వాళ్లందరికీ తెలుసు. అదే అరటి చెట్టు కింద వేలాడే ఎండుటాకు కాగితంలా మండుతుంది. మొక్క పేరు అడగడం కన్నా, ఎండు భాగాన్ని ఎవరు, ఎప్పుడు తీస్తారు అని అడగడం ఉపయోగం.

ఇక మన సంగతి. మన దగ్గర అడవి మంటల సమాచారం తక్కువేం లేదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల్ని గుర్తించి రాష్ట్రాలకి కబురు పంపుతోంది. ఇప్పుడా కబురు ఎస్సెమ్మెస్‌గా బీటు అధికారి ఫోనుకే చేరుతుంది. మొదట్లో వాడిన పరికరానికి ఒక చుక్క అంటే కిలోమీటరు మేర. తర్వాత వచ్చినదానికి 375 మీటర్లు. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం 2023-24 మంటల కాలంలో దేశంలో కాలిన విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, 5,286 చదరపు కిలోమీటర్లకు పైగా. తెలంగాణ కూడా మూడో స్థానంలో, నాలుగు వేలకు దగ్గరగా ఉంది. ఉత్తరాఖండ్ మంటల గురించి టీవీల్లో చూసి అయ్యో అనుకునే మనం ఈ అంకె ముందు ఒకసారి ఆగాలి.

ఆ సంస్థే ఏ అడవికి మంట బెడద ఎక్కువో కూడా పటం వేసింది. పాత మంటల చుక్కల్ని 5 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు గళ్లలో లెక్కించి ఒక్కో గడికి ఒక తరగతి ఇచ్చింది. సిబ్బందిని ఎక్కడ పెట్టాలి, ఫైర్ లైన్లు ఎక్కడ కొట్టాలి అని నిర్ణయించడానికి ఇది పనికొస్తుంది. ఇంటి సంగతికి వస్తే దేనికీ పనికిరాదు. పాతిక చదరపు కిలోమీటర్ల గడిలో పది గూడేలుండొచ్చు. వాటిలో ఎన్ని ఇళ్లకి గడ్డి కప్పు, ఎన్నిటికి రేకు, ఏది వాలు మీద ఉంది, ఏది వాగు పక్కన ఉందన్నది ఆ పటంలో లేదు. జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో అగ్నిరక్షణకి పెద్ద భాగమే ఉంది, కానీ దాని చూపంతా మెట్లు, ఎత్తు, నీటి పంపులు, బయటపడే దారుల మీదే. అటవీ శాఖ లెక్క అడవి అంచు దగ్గర ఆగుతుంది. అగ్నిమాపక శాఖ లెక్క ఫోను మోగాక మొదలవుతుంది. నడుమ ఉన్న ఇల్లు ఎవరి రిజిస్టర్లోనూ లేదు.

దీనికి ఒక సమర్థన ఉంది, దాన్ని దాటవేయకూడదు. మన అడవి మంటలు అమెరికా మంటల్లాంటివి కావు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాల్చే అడవుల్లో నేల మీద పాకే మంటలే ఎక్కువ. మోకాలెత్తు, నడుమెత్తు మంట రాలిన ఆకునీ గడ్డినీ తింటూ పోతుంది, పెద్ద చెట్లు మిగులుతాయి. దాదాపు అన్నీ మనుషులు పెట్టేవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, తునికాకు కొత్త చిగురు వేయాలని పొదలు కాలుస్తారు, పోడు కోసం నరికి ఎండబెట్టినదానికి వేసవిలో నిప్పు పెడతారు, బీడీ పీకలు సరేసరి. ఇలాంటి మంటకి సెగ తక్కువ. శ్లాబు ఇంటికి దానివల్ల ప్రమాదం స్వల్పమే. కాబట్టి ఆస్ట్రేలియా అంకెల్ని తెచ్చి మారేడుమిల్లి మీద పెడితే నవ్వులపాలవుతాం.

అయితే ముప్పు లేనట్టు కాదు, అది ఉన్న చోటు వేరు. మన దగ్గర కాలేది గడ్డి కప్పు, పశువుల పాక, గడ్డివాము, కట్టెల మోపు. పాపికొండల చుట్టుపక్కల కొండరెడ్డి గూడేల్లో వెదురు తడికెకి మట్టి మెత్తి పైన గడ్డి కప్పిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇంటికి మంట రానక్కర్లేదు, ఒక రవ్వ చాలు. శేషాచలం ఇంకోరకం. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు రోజుల తరబడి ఆరకపోతే వైమానిక దళం హెలికాప్టర్లు తెచ్చి, జలాశయం నుంచి బకెట్లతో నీళ్లు తోడి పోశారు. శేషాచలంలో, నల్లమలలో మంటని మోసేది ముఖ్యంగా బోద గడ్డి. నిలువెత్తు పెరిగి, నూనె వాసనతో, ఎండితే భగ్గుమంటుంది. తిరుమల గుడి రాతి కట్టడం, వసతి గృహాలు కాంక్రీటు. అవి నిలిచాయంటే ఆ కట్టడమే ముఖ్య కారణం. కాలిఫోర్నియాలో శాంటా మోనికా కొండల మధ్య కలబాసాస్‌లో 1981లో కట్టిన వెంకటేశ్వరుడి గుడి ఒకటి ఉంది, మలిబూ గుడి అంటారు. 2018 నవంబరులో ఊల్సీ మంట ఆ కొండలన్నీ చుట్టబెట్టి పదహారు వందల కట్టడాలు తినేసింది. గుడి నిలిచే ఉంది. 2025 జనవరిలో ముందుజాగ్రత్తగా దర్శనాలు ఆపారు. ఏడుకొండలవాడి మహిమ అనేవాళ్లతో నాకు పేచీ లేదు, సిమెంటు గోపురానికి కూడా కొంత పుణ్యం ఇవ్వమంటాను.

ఇప్పుడు కోహెన్ కళ్లతో మన డెల్టా ఇల్లు ఒకటి చూద్దాం. ఏటిగట్టు దిగువన, లంక వైపు ముఖం ఉన్న ఇల్లు. ముందు భాగం శ్లాబు, వెనక పాత పెంకుటిల్లు. పెంకు మండదు, బాగానే ఉంది. పెంకుల కింద వాసాల మీద తాటాకు పరిచి ఉంది, పెంకు జారిన చోట అది బయటికి కనబడుతోంది. రవ్వకి అంతకన్నా మంచి పక్క దొరకదు. వంటింటి గోడకి ఆనించి కొబ్బరి డొక్కలు, మట్టలు వానాకాలం కోసం నిట్టనిలువుగా పేర్చారు. గోడకి ఆ పక్కనే గ్యాసు బండ. పశువుల పాకకి తాటాకు కప్పు, దాని మీద చిరిగిన ఎన్నికల ఫ్లెక్సీ. పాక నుంచి గడ్డిమేటు నాలుగడుగులు. దాళ్వా గడ్డి కాబట్టి మే నెలలో ఎముకలా ఎండి ఉంది. శ్లాబు మీద రాలిన కొబ్బరాకు, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, మొక్కల మీద గ్రీన్ నెట్. పెరట్లో కొబ్బరి చెట్టుకి ఎండిన మట్టలు వేలాడుతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో వీధి పక్క ఈత, తాటి జాతి చెట్లకి వేలాడే ఎండు మట్టలు అంటుకుని ఇళ్ల మీద పడ్డాయి. మన మట్టకి వేరే స్వభావం ఉంటుందనుకోలేం. అవతల లంకలో రెల్లు ఎండింది, గేదెలకి కొత్త గడ్డి మొలవాలని ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ఆ మధ్యాహ్నం పడమటి గాలి తిరిగితే చాలు. అడవి పటంలో ఈ ఊరికి రంగే ఉండదు.

ఈ లెక్క మన వెనకటివాళ్లకి తెలుసు, కాగితం మీద పెట్టలేదంతే. ఊరంతా తాటాకిళ్లున్న రోజుల్లో ఒక కొంప అంటుకుంటే అందరూ దాని దగ్గరికి పరిగెత్తేవాళ్లు కాదు. కొందరు గాలివాటున ఉన్న ఇళ్ల కప్పులెక్కి తడి గోనెపట్టాలు పరిచి, పడిన రవ్వని పడినట్టే కొట్టేవాళ్లు. ఇంకా దాటితే మధ్యలో ఒక ఇంటి కప్పు పీకి నేల మీద పడేసేవాళ్లు, పొరుగువాడి మేలు కోసం ఒకడి కప్పు పోయేది. వేసవిలో గాలి లేచాక పొయ్యి వెలిగించొద్దని పెద్దవాళ్లు కేకలేసేవాళ్లు. 2016 ఏప్రిల్‌లో బీహారు ప్రభుత్వం పల్లెల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా వంట చేయొద్దని చెప్పినప్పుడు దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గడ్డి కప్పులున్న చోట అది సరైన ముప్పు అంచనా. పక్కా ఇళ్ల పథకాలు వచ్చాక ఆ మంటలు మన వైపు బాగా తగ్గాయి. అడవి పక్క ఇళ్ల రక్షణకి ఈ రాష్ట్రంలో ఏ ప్రభుత్వమైనా చేసిన అతిపెద్ద పని, ఆ పేరు పెట్టకపోయినా, శ్లాబు ఇల్లు ఇవ్వడమే.

అందుకే మారేడుమిల్లి దారిలో కనబడేది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొండరెడ్డి కుటుంబం గడ్డి కప్పు వదిలించుకుని రేకో శ్లాబో వేసుకోవాలని ఏళ్లుగా ఎదురుచూస్తుంటే, పట్నం నుంచి వచ్చినవాడు రాత్రికి వేలు పోసి గడ్డి కప్పు కాటేజీలో పడుకుంటున్నాడు. వెదురు గోడ, గడ్డి కప్పు, లోపల ఏసీ, బయట క్యాంప్‌ఫైర్. రోడ్డు పక్కన బొంగు చికెన్ కాల్చే బొగ్గుల కుప్పలు సాయంత్రానికి బూడిద కప్పుకుని ఉంటాయి, లోపల నిప్పు చావదు. వెనక వాలు మీద ఎండుటాకు. ఇలాంటి చోట మంటని అదుపు చేయాల్సిన ఫైరింజను ఘాట్ ఎక్కి రావాలి.

ఏం చేయాలన్నది పెద్ద చిక్కేం కాదు, ఖర్చు కూడా పెద్దది కాదు. కాలిఫోర్నియా తరహా స్కోర్లు మనకి వద్దు. అవి కొనేవాడికి తప్ప ఉండేవాడికి అర్థం కావు. ఆస్ట్రేలియా నాలుగు ప్రశ్నల్ని మన గడ్డికి, మన ఆకుకి సరిపడా మార్చి, దానికి ఐదో ప్రశ్నగా పైకప్పు దేనితో వేశారన్నది చేర్చి, అడవి అంచు నుంచి 100 మీటర్లలోపు ఉన్న ప్రతి ఇంటికీ, ప్రతి కాటేజీకీ ఒక పేజీ నింపితే చాలు. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉన్నాడు, బీటు అధికారి ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఒక గూడెం ఒక పూటలో తిరగగలరు. ఎస్సెమ్మెస్‌లో మంట చుక్క వచ్చినప్పుడు దానికి దగ్గర్లో గడ్డి కప్పు ఇళ్లెన్ని, ముసలివాళ్లెందరు అన్నది అప్పుడే తెరమీద కనబడాలి. పక్కా ఇళ్లు ఇచ్చే వరసలో ఈ పేజీని బట్టి ముందు వెనకలు పెట్టాలి. రిసార్టులకి అనుమతి ఇచ్చేటప్పుడు గడ్డి కప్పు నిషేధించాలి, అందం కావాలంటే పైన రేకు వేసి కింద వెదురు పరుచుకోమనాలి. ఇదేదీ కొత్త చట్టం అడిగే పని కాదు.

ఈలోగా ఇద్దరికి ఒక్క మాట. కాలిఫోర్నియా అబ్బాయికి: స్కోరు మీద కంపెనీతో పోట్లాడుతూనే, గోడ నుంచి ఐదడుగులు నేల ఖాళీ చేయి, గాలి రంధ్రాలకి మూడు మిల్లీమీటర్లకి మించని కంతల ఇనుప జాలీ బిగించు, పక్కింటివాళ్లని కూడా ఒప్పించు. మారేడుమిల్లిలో కాటేజీ వాటా కొనబోయే రావులపాలెం పెద్దమనిషికి: కప్పు దేనితో వేశారో, వెనక వాలు ఎటు పడుతుందో, నీళ్ల ట్యాంకు ఎంతదో, బయటపడటానికి రెండో దారి ఉందో లేదో అడగండి. ఈ నాలుగిటికీ జవాబు చెప్పలేని చోట అడ్వాన్సు ఇవ్వకండి.